తెలుగు రాని చెవి

తర్జుమా పని నేర్పమని ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. నేను కంకిపాడు హైస్కూలుతో చదువు ఆపేసినవాణ్ణి. బెజవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అక్కడి పెద్ద నిఘంటువును ఇంటికి ఇచ్చేవారు కాదు. అందుకని దాన్ని నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి అక్కడే చదివాను. ఈ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

కాబట్టి ఈ కుర్రవాళ్ళకు భాష నేర్పే అవసరం నాకు లేదు. పని ఎలాంటిదో చెప్పగలను. ఎన్ని సభల్లో మాట్లాడాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి వదిలేస్తున్నాను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

వేదిక మీద రెండోవాడు

డెబ్బైలలో బెజవాడ చుట్టుపక్కల ఊళ్ళలో సువార్త కూటాలు పెట్టేవారు. విదేశాల నుంచి బోధకులు వచ్చేవారు. బోధకుడు ఒక వాక్యం చెప్పి ఆగితే, పక్కన నిలబడి దాన్ని తెలుగులో చెప్పడం నా పని. ఆయన చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి. ఆయన గొంతు తగ్గిస్తే నేనూ తగ్గించాలి.

గన్నవరం దగ్గర ఒక ఊళ్ళో కూటం పెట్టించిన పాస్టరుగారు నాకు మొదటి యజమాని అనుకోవచ్చు. మంచి మనిషే కానీ కోపిష్ఠి. కూటం అయ్యాక నన్ను పందిరి వెనక్కి పిలిచారు.

"దొరగారు పెద్ద ముక్క చెప్తున్నారు, నువ్వు చిన్న ముక్క చెప్పి ఊరుకుంటున్నావు. మిగతాది ఏం చేస్తున్నావయ్యా?"

"ఇంగ్లీషులో చుట్టు తిప్పి చెప్పింది తెలుగులో ఒక్క మాటలో వచ్చేస్తుందండీ."

"వస్తే రానీ. జనం ఏమనుకుంటున్నారో తెలుసా? దొరగారు ఇచ్చిందాంట్లో సగం నువ్వు జేబులో వేసుకుంటున్నావని. రేపట్నుంచి కాస్త సాగదీయి."

నేను సాగదీయలేదు. మూడో రోజు ఆయన వేరేవాణ్ణి పెట్టుకున్నారు. అయితే ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. వినేవాడికి మన మీద ఎప్పుడూ అనుమానం ఉంటుంది. మనం ఏదో దాస్తున్నామనుకుంటాడు, లేకపోతే ఏదో కలుపుతున్నామనుకుంటాడు. ఆ అనుమానాన్ని మోస్తూనే పని చేసుకోవాలి. ఏదీ కలపకూడదు, ఏదీ తీసెయ్యకూడదు అన్న నియమం నేను అప్పుడు పెట్టుకున్నాను. చాలా ఏళ్ళు అది నాకు సరిపోయింది.

లోవెల్ దంపతులు

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు లోవెల్ దంపతులు బెజవాడ వచ్చారు. వాళ్ళు మోర్మన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు. వాళ్ళ మతంలో జీతం తీసుకునే పాస్టర్లు లేరు. కుర్రవాళ్ళు ఇల్లు విడిచి కొంతకాలం సేవకు వెళతారు. పిల్లల బాధ్యత తీరిన ముసలి దంపతులు కూడా అలాగే ఏ దేశం పంపితే ఆ దేశం వెళతారు. ఈ ఇద్దరూ గోధుమ పొలాలనీ మనవల్నీ వదిలి, ఉప్పెన ఊళ్ళకు సాయం చెయ్యడానికి వచ్చారు. ఆయన్ని ఎల్డర్ అని, ఆవిడను సిస్టర్ అని పిలవాలి.

వాళ్ళకు తర్జుమా పనికి కుదిరిన నేను, వాళ్ళు రాకముందే లైబ్రరీకి వెళ్ళి, ఒక పాత విజ్ఞాన సర్వస్వంలో వాళ్ళ మతం గురించి ఉన్నదంతా చదివి పెట్టుకున్నాను. మొదటి రోజే అదంతా ఎల్డర్‌గారికి అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అందులో సగం నిజమే," అన్నారు. ఏ సగమో చెప్పలేదు.

మా చర్చి సంఘంలో పెద్దలు నన్ను హెచ్చరించారు. వాళ్ళతో తిరిగితే మాట వస్తుందన్నారు. వాళ్ళ బోధలో చాలా సంగతులు నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. అది వాళ్ళతో మొదటే చెప్పాను. "మంచిది, అయితే నువ్వు జాగ్రత్తగా వింటావు," అన్నారు సిస్టర్‌గారు. ఆవిడ అన్న మాట నిజమని తర్వాత తెలిసింది. నమ్మినవాడు బోధకుడి కంటే ముందే వాక్యం పూర్తి చేసేస్తాడు.

ఎల్డర్‌గారికి ‘దొరగారు’ అన్న పిలుపు నచ్చేది కాదు. ఒక ఊళ్ళో రచ్చబండ మీద కూర్చుని, "నేను దొరను కాను, రైతునని చెప్పు," అన్నారు. చెప్పాను. ఒక ముసలాయన ఆసక్తిగా ముందుకు జరిగాడు.

"రైతా? ఎన్నెకరాలండీ?"

ఎల్డర్‌గారు అంకె చెప్పారు. నేను తెలుగులో చెప్పాను. ముసలాయన తలపాగా సర్దుకుని, "దొరగారేలే," అన్నాడు. ఆ పిలుపు ఇక మారలేదు.

ఎల్డర్‌గారు కష్టజీవి. తాటాకు కప్పడం నేర్చుకుని గుడిసెల మీదికెక్కి పని చేశారు. అయితే ఆయనకు తొందరెక్కువ. ఏ మాటైనా ముగింపుకు రావాలి, ఏ పనైనా ఆ పూటే తేలాలి. సిస్టర్‌గారికి తొందర లేదు. మనుషుల పక్కన ఊరికే కూర్చోవడం ఆవిడకు చేతనైన విద్య. మిషనరీగా ఇద్దరిలో ఆవిడే గొప్పదని నా తీర్పు.

కాఫీ

కాఫీ, టీ వాళ్ళ మతంలో తాగరు. కంకిపాడు వైపు ఒక పేటలో, కూలికి వెళ్ళే క్రైస్తవ కుటుంబం మమ్మల్ని ఇంటికి పిలిచింది. ఇంటావిడ పక్కింట్లో పాలు అడిగి తెచ్చి కాఫీ పెట్టింది. సిస్టర్‌గారు నవ్వుతూ చెయ్యి అడ్డంగా ఊపి వద్దన్నారు. "వద్దమ్మా, చాలా సంతోషం," అని నేను చెప్పాను. తర్జుమాలో తప్పేమీ లేదు. ఇంటావిడ ముఖం మాత్రం వాడిపోయింది. లోపలి నుంచి ఆమె అత్తగారి గొంతు వినిపించింది.

"లోపలెట్టెయ్యే. మనింట్లో తాగుతారా ఏంటి?"

ఆ పేటకు వచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిన పెద్దమనుషుల్ని ఆవిడ బతుకంతా చూసింది. ఆ మాట మాకోసం అన్నది కాదు. అయినా దాన్ని ఇంగ్లీషులో చెప్పాను, ఎందుకన్నదో కూడా చెప్పాను. సిస్టర్‌గారు లేవబోతున్నవారల్లా చాప మీద మళ్ళీ కూర్చున్నారు. కాఫీ తాగననీ, అది తన మొక్కులాంటిదనీ, వేరే ఏదిచ్చినా తాగుతాననీ చెప్పమన్నారు.

"మజ్జిగుంది గానీ పుల్లగా ఉంటదండీ," అంది ఇంటావిడ.

పుల్లటి మజ్జిగను సిస్టర్‌గారు ముఖం చిట్లించుకుంటూనే ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు మళ్ళీ చాపారు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసి నవ్వింది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్ళినా, ఇంటివాళ్ళు కాఫీ మాట ఎత్తకముందే సిస్టర్‌గారే "మజ్జిగ ఉందా అమ్మా?" అని అడిగేవారు. ఆవిడకు వచ్చిన తెలుగులో ముప్పావు వంతు ఆ వాక్యమే.

మీసాలున్న ఆడమనిషి

బోధకుడు ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనాలి. ‘ఆయన ఇలా అంటున్నారు’ అని తప్పుకోకూడదు. అలా తప్పుకుంటే మాట చల్లబడిపోతుంది. ఈ నియమం సిస్టర్‌గారి దగ్గర నన్ను ఇరకాటంలో పెట్టింది. ఆడవాళ్ళ కూటంలో ఆవిడ తన పెళ్ళి సంగతి ఎత్తుకున్నారు. "నా భర్త నన్ను మొదటిసారి పాలు పితికే కొట్టంలో చూశాడు," అన్నాను నేను, గంభీరంగా.

ముందు వరసలో ఒక పెద్దావిడ అందుకుంది. "మీసాలు పెట్టుకుని మొగుడంటావేంటి బాబూ? మీ ఆవిడేమైపోవాలి?"

కూటం మొత్తం నవ్వింది. ఎందుకు నవ్వారో చెబితే అందరికంటే ఎక్కువ సిస్టర్‌గారే నవ్వారు. అయినా నేను ‘నేను’ అనడం మానలేదు. కాసేపటికి వాళ్ళే నా మీసాలు మర్చిపోయారు. మొగుడూ పెళ్ళాల బంధం చావుతో తెగిపోదనీ, తర్వాత కూడా కలిసే ఉంటారనీ తన మతం చెబుతుందని సిస్టర్‌గారు ఆ రోజే చెప్పారు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఉప్పెనలో ఎందరో పోయిన ఊరు అది.

వీరమ్మ

ఆ కూటంలో వీరమ్మ ఉంది. దివిసీమలో సముద్రం దగ్గరి ఊరు. గాలి లేచిన రోజు, కట్టు విప్పి గేదెల్ని తోలుకొస్తానని ఆమె భర్త గట్టు మీదికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. శవం దొరకలేదు. ఏడాది దాటినా వీరమ్మ మెడలో పసుపుతాడు, చేతులకు గాజులు, ముఖాన బొట్టు అలాగే ఉన్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. ఆమె తియ్యలేదు.

సిస్టర్‌గారికీ వీరమ్మకూ స్నేహం నా ప్రమేయం లేకుండానే కుదిరింది. వీరమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. సిస్టర్‌గారి ఊళ్ళో ఆడవాళ్ళూ అలాంటి బొంతలు కుడతారట. ఇద్దరూ ఒక బొంతకు చెరోవైపు కూర్చుని పూటంతా కుట్టేవారు. ఒక్కమాట తర్జుమా చేయమని నన్ను ఎవరూ అడిగేవారు కాదు. బయట అరుగు మీద కూర్చుని నేను పుస్తకం చదువుకునేవాణ్ణి.

లోవెల్ దంపతుల సేవాకాలం ముగిసింది. ఇంకో రెండు రోజుల్లో ప్రయాణం. ఆఖరిసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు వీరమ్మ నన్ను కూడా లోపలికి రమ్మంది. పక్కింటి రాములమ్మ కూడా వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, దొరసానిగార్ని ఒక మాటడగాల," అంది వీరమ్మ. "పోయింతర్వాత కూడా మొగుడూ పెళ్ళాం కలిసే ఉంటారని చెప్పారు గదా. అది మీకేనా, మాక్కూడానా?"

సిస్టర్‌గారు జవాబు చెప్పారు. ఇంగ్లీషులో ‘అస్’ అని ఒకే మాట. తెలుగులో దానికి రెండున్నాయి, ‘మాకు’ అని, ‘మనకు’ అని. "మనందరికీ," అని చెప్పాను.

వీరమ్మ మళ్ళీ అడిగింది. "అంటే వచ్చే జన్మలోనా?"

అవునంటే ఆమెకు సంతోషమే. ఆ మాట ఆమెకు అలవాటైన మాట. కానీ సిస్టర్‌గారు అన్నది అది కాదు. "వీళ్ళు జన్మలని చెప్పరమ్మా. ఈ జన్మ తర్వాత, ఎప్పటికీ అని," అన్నాను.

"సరే. మరి దానికేం చెయ్యాలంట?"

ఇది ఎల్డర్‌గారికి వచ్చిన విషయం. ఆయన ఉత్సాహంగా ముందుకు వంగారు. తమ దేశంలో ఒక మందిరం ఉందనీ, పోయినవాళ్ళ తరఫున అక్కడ ఒక కార్యం చేస్తారనీ, ఆమెకు ఇష్టమైతే తాము తిరిగి వెళ్ళాక ఆమె భర్త కోసం చేయిస్తామనీ చెప్పారు. పేరు లేకుండా మాత్రం కుదరదట. జేబులోంచి కలం తీశారు.

"మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగాను.

వీరమ్మ తల వంచుకుంది.

"వినపడలేదేమో, మళ్ళీ అడుగు," అన్నారు ఎల్డర్‌గారు.

"విన్నదండీ. మా ఆడవాళ్ళు భర్త పేరు నోటితో అనరు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం."

"కానీ ఆయన పోయాడు కదా," అన్నారాయన మెల్లగా, జాలిగానే.

వీరమ్మ తలెత్తింది. "దొరగారేమంటన్నారు?"

ఇలాంటి చోట ఏం చెయ్యాలో ఏ నిఘంటువులోనూ ఉండదు. దాచవచ్చు. దాస్తే ఆమె అడిగినదానికి నేను జవాబు మార్చినట్టవుతుంది. "ఆయన పోయారు కదా అంటున్నారమ్మా," అన్నాను.

"ఎవరు చూశారంట?"

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఎల్డర్‌గారు కలం చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు.

రాములమ్మకు ఇదంతా సాగదీతలా కనిపించింది. "దానికింత గొడవెందుకండీ? నేన్జెప్తా రాసుకోండి. వాళ్ళాయన పేరు..."

"నోరు ముయ్యవే," అంది వీరమ్మ. "నా మొగుడి పేరు నీకెందుకు? నీ మొగుడు బంగారంగా ఇంట్లో కూచునున్నాడు గదా, ఆయన పేరు చెప్పు ముందు."

రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జరిగింది.

వీరమ్మ నావైపు తిరిగింది. "మాస్టారూ, నేను పేరు చెప్పాననుకో, ఆయన లేడని నేనే ఒప్పుకున్నట్టు. ఎక్కడో ప్రాణాలతో ఉంటే నా నోటితో నేనే ఆయన్ని తీసేసినట్టు. చెప్పలేదనుకో, నిజంగానే పోయుంటే అక్కడ ఒక్కడే ఉంటాడు. ఆయనకి ఒక్కడే ఉండటం చాతగాదు. అన్నం కూడా ఒక్కడే తినడు."

నేను ప్రతి మాటా చెప్పాను. సిస్టర్‌గారు భర్త చేతి మీద చెయ్యి వేశారు. ఆయన కలం జేబులో పెట్టుకున్నారు. "పేరు చెప్పక్కర్లేదని చెప్పు. దేవుడికి తెలుసని చెప్పు," అన్నారావిడ.

"దేవుడికి తెల్సులే. వాళ్ళ గుళ్ళో తెలియాలంటన్నారుగా?" అంది వీరమ్మ.

ఆ మాటా ఇంగ్లీషులో చెప్పాను. వీరమ్మ సిస్టర్‌గారి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఈవిడకి తెలుగొచ్చా?"

"రాదమ్మా. ఒకటి రెండు మాటలు, అంతే."

"పేరు చెప్తే పేరని తెలుస్తదా?"

"చప్పుడు వినపడుతుంది. అర్థం తెలీదు."

"అయితే ఆవిడ చెవిలో అంటా," అంది వీరమ్మ. ఒక్కొక్క మాటా కుట్టు వేసినంత నిదానంగా అంటోంది. "తెలుగు రాని చెవిలో అంటే అన్నట్టు కాదు గదా. ఉంటే ఆయనకి తగలదు. లేకపోతే ఆయనకి అందుద్ది. అంతేనా మాస్టారూ?"

ఆమె అడిగింది సిస్టర్‌గారిని కాదు, ఎల్డర్‌గారిని కాదు. నన్నే. ఆ ఇద్దరికీ అది చెప్పి, వాళ్ళ మాట తెచ్చి ఆమెకు ఇవ్వచ్చు. నా నియమం ప్రకారం చెయ్యాల్సింది అదే.

"అంతేనమ్మా," అన్నాను. నా వృత్తిలో, మనిషికీ మనిషికీ మధ్య నిలబడి, ఎవరూ అనని మాటకు నేను హామీ ఇచ్చింది ఆ ఒక్కసారే. అందుకు నేను ఎప్పుడూ విచారపడలేదు.

"అయితే మీరు బయటికెళ్ళండి," అంది వీరమ్మ. "మీకు తెలుగొచ్చు."

లేచాను. వీరమ్మ రాములమ్మను కూడా లేపింది. ఎల్డర్‌గారు ఏమీ అర్థంకాక నా వెంట వచ్చారు. వాకిట్లో నిలబడి, "నువ్వు లేకుండా వాళ్ళు ఎలా మాట్లాడుకుంటారు?" అని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఈసారి తొందరపడలేదు. లోపలి నుంచి గాజుల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. మన పని ఇద్దరి మధ్య నిలబడటం. ఒక్కోసారి ఆ ఇద్దరికీ అడ్డం మనమే. మనకు తెలిసిన భాషే అడ్డం. అది ఎప్పుడో గుర్తుపట్టడం లైబ్రరీలో దొరకలేదు నాకు. లైబ్రరీని తక్కువ చెయ్యడం లేదు. అక్కడ నేర్చుకున్నదంతా వీరమ్మ గుమ్మం దాకా నన్ను తీసుకొచ్చింది.

సిస్టర్‌గారు బయటికి వచ్చారు. వీరమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. బొట్టు, తాడు, గాజులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎల్డర్‌గారు, "పేరు ఎలా రాయాలి? ఈయన్ని అడగనా?" అంటూ నావైపు చూశారు. సిస్టర్‌గారు గట్టిగా చెయ్యెత్తి ఆపారు. నోరు తెరిస్తే ఎక్కడ జారిపోతుందో అన్నట్టు పెదవులు బిగించి, తిన్నగా వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నారు.

వ్యాన్ కదిలాక ఆవిడ పెదవులు ఆడటం మొదలైంది. శబ్దం లేదు. అవే కదలికలు మళ్ళీ మళ్ళీ. అవనిగడ్డ దాటాం, చల్లపల్లి దాటాం. ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, దారిలో నీళ్ళిచ్చినా పుచ్చుకోలేదు. డ్రైవరు అద్దంలో చూసి, "దొరసానిగారు ప్రార్థన చేస్తున్నారాండీ?" అని నన్ను అడిగాడు.

"అలాంటిదే. హారన్ కొట్టకు," అన్నాను.

నేను ఆవిడకు ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళు బోధకుల పెదవులు చూసి మాట అందుకోవడం అలవాటైన కళ్ళు నావి. పేరు మొదట్లో పెదవులు రెండూ కలుస్తున్నాయి. మకారమో, పకారమో అయ్యుండాలి. తర్వాతి అక్షరానికి అవి విడివడబోతుండగా నేను ముఖం తిప్పుకున్నాను. బెజవాడ వచ్చేదాకా దారి పక్క కాలవ వైపే చూస్తూ కూర్చున్నాను.